బోర్డు తుడిచే ముందు

యాదలక్ష్మి రోజుకు నాలుగుసార్లు కడిగే బాత్రూంలోకి యాదలక్ష్మి పోకూడదు. ఒక తలుపు మీద స్టూడెంట్స్ అని ఉంటుంది, ఇంకో తలుపు మీద స్టాఫ్ అని ఉంటుంది. ఆమె స్టూడెంట్ కాదు. స్టాఫ్ కూడా కాదని చేరిన మొదటి వారంలోనే చెప్పారు. ఏజెన్సీ పంపిన మనిషి కాబట్టి రిజిస్టర్లో పేరుండదు, రిజిస్టర్లో పేరు లేనివాళ్లకి బాత్రూం ఉండదు. అవసరమైతే మూడంతస్తులు దిగి, రోడ్డు దాటి, మెట్రో పిల్లర్ల పక్కన పైసలిచ్చి పోయే చోటికి పోవాలి. లిఫ్టు కూడా ఆ రెండు రకాల వాళ్లకే. పోయి రావడానికి పావుగంట పైనే పడుతుంది. పావుగంట కనపడకపోతే ఎటు పోయావని అడుగుతారు. ఎటు పోయిందో మగవాళ్ల ముందు రోజూ చెప్పుకోవడం ఎందుకని ఆమె నీళ్లు తాగడం మానేసింది. పొద్దున ఏడు నుంచి మధ్యాహ్నం మూడు దాకా, మే నెలలో కూడా. ఇట్లా ఆరేళ్లు. మధ్యలో ఒకసారి మూత్రంలో మంట అని దవాఖానకు పోతే, నీళ్లు బాగా తాగమని డాక్టరమ్మ చీటీ మీద రాసిచ్చింది. ఆ చీటీని బీరువాలో జాగ్రత్తగా దాచుకుంది.

ఇది దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక కోచింగ్ సెంటర్ సంగతి. పేరు చెప్పడం లేదు. ఒక్కదాని పేరు చెబితే చుట్టుపక్కల ఉన్న మిగతావాటిని క్షమించినట్టవుతుంది.

ఎండాకాలం వస్తే అక్కడ నలభై రోజుల సమ్మర్ ఫౌండేషన్ క్యాంప్ పెడతారు. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకి. పదకొండేళ్ల పిల్లకి ఐఐటీ పునాది వేస్తారు. పునాది కింద మట్టికి కూడా ఒక బ్యాచ్ పెట్టే ఆలోచన ఉందని వింటున్నాం. ఏసీ గదులు, గోడకి గోడంత తెల్లబోర్డు, గంటంబావు క్లాసు, పది నిమిషాల విరామం. ఆ పది నిమిషాల్లో యాదలక్ష్మి బోర్డు తుడవాలి, బెంచీల కింద చిప్స్ కవర్లు ఏరాలి.

ఆమెది నల్గొండ జిల్లా మర్రిగూడ దగ్గర ఒక పల్లె. పెనిమిటి రామస్వామి ట్రాలీ ఆటో నడుపుతాడు. ఇరవై ఏళ్ల కింద పట్నం వచ్చి, అల్మాస్‌గూడలో కిరాయి గదిలో ఉంటున్నారు. చదువు ఐదో తరగతి. తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. ఇంగ్లీషు రాదు, లెక్కలు కూరగాయల దాకా వస్తాయి. ముగ్గు మాత్రం ఎంత పెద్దదైనా ఒక్కసారి చూస్తే చాలు, ఇంటికొచ్చి చుక్క పోకుండా దింపుతుంది. వేరే వాకిట్లో ముగ్గేసినామె ఒక మెలిక తప్పు తిప్పి ఉంటే, ఆ తప్పు మెలికతో సహా దింపుతుంది. అదేందని అడిగితే ఆమె దగ్గర జవాబు ఉంది. మందిది చూసి ఏసేటప్పుడు మన తెలివి కలపొద్దు అంటుంది.

పోయిన ఏప్రిల్ చివర సర్కారు బడికి సెలవులిచ్చారు. యాదలక్ష్మి గదికి రెండిళ్లవతల ఒక అపార్ట్‌మెంట్ ఉంది. దాని సెల్లార్‌లో వాచ్‌మన్ గదిలో కిష్టమ్మ అనే ఆమె ఉంటుంది. పొద్దున నాలుగిళ్లలో అంట్లు తోముతుంది, తర్వాత గేటు కాడ కూర్చుంటుంది. ఆమె బిడ్డ చంటి ఏడో తరగతికి వచ్చింది. సెలవులు కాబట్టి గల్లీలోని ఇంకో ఎనిమిది మంది పిల్లలు ఆ సెల్లార్‌కే చేరేవాళ్లు. అమ్మానాన్నలు పనికి పోతారు, రేకుల గదిలో పగలు ఉండలేరు, సెల్లార్ చల్లగా ఉంటుంది. తొమ్మిది మందికి ఒక ఫోన్. వంతులవారీగా చూసేవాళ్లు. జూన్ పన్నెండు దాకా అదే సిలబస్.

ఒక సాయంత్రం చంటి అడిగింది.

"పెద్దమ్మా, మీ సెంటర్ల ఏం చెప్తరు?"

"ఏమో బిడ్డా. బోర్డు నిండ రాస్తరు. నేను తుడుస్త."

"తుడిచే ముందు రాసుకరావొద్దా మరి?"

మర్నాడు యాదలక్ష్మి ఒక లాంగ్ నోట్‌బుక్ కొన్నది.

ఏడో తరగతి బ్యాచ్‌కి లెక్కలు చెప్పేది జోస్నా. ఇరవై ఆరేళ్ల అమ్మాయి, కర్మన్‌ఘాట్‌లో ఉంటుంది. క్లాసు అయి పిల్లలు బయటికి పోగానే యాదలక్ష్మి తలుపు దగ్గరికి వేసి, బోర్డు ముందు నిలబడి ముగ్గు దించినట్టు దించేది. అక్షరం అర్థం కాదు కాబట్టి ఏది ముఖ్యం, ఏది కాదు అన్న పేచీ లేదు. తారీఖు దించింది. బ్యాచ్ పేరు దించింది. స్ట్రెంత్ 42 అని ఉంటే దించింది. కింద మూలన జోస్నా మధ్యాహ్నం తిండికి రాసుకున్న '2 కర్డ్ రైస్, 1 ఆనియన్ వద్దు' కూడా దించింది. అంతా అయ్యాక తుడిచింది.

సాయంత్రం ఆరింటికి సెల్లార్‌లో కార్ల మధ్య క్లాసు. యాదలక్ష్మి పెట్టిన నియమం ఒక్కటే. నీళ్ల బాటిల్ పక్కన పెట్టుకోవాలి, తాగాలి, లేచి పోవాలంటే ఎవరినీ అడగకుండా పోవాలి. కిష్టమ్మ గది పక్కన బాత్రూం ఉంది. మిగతా విషయాల్లో టీచర్‌కి ఏమీ రాదని పిల్లలకి మొదటి రోజే తెలిసిపోయింది. పూర్తయిన లెక్క ముందుంటుంది, చెప్పేవాళ్లు ఉండరు. యాదలక్ష్మి ఒక్కో లైను మీద వేలుపెట్టి, పై లైను నుంచి కింది లైను ఎట్లొచ్చిందని అడిగేది. ఆమెకు నిజంగానే తెలియదు కాబట్టి తెలిసేదాకా వదిలేది కాదు. ఎవరో ఒకరు చెప్పేవాళ్లు, ఇంకొకరు కాదనేవాళ్లు, తొమ్మిది మంది కొట్లాడుకునేవాళ్లు. స్ట్రెంత్ 42 అన్నదాన్ని లెక్కలో ఎక్కడ కలపాలో మూడు సాయంత్రాలు వెతికారు. ఎక్కడా కలపకపోతేనే జవాబు వస్తుందని నాలుగో రోజు తేల్చారు. కర్డ్ రైస్ విషయంలో అంత సేపు పట్టలేదు.

కొట్లాడినా తేలని లైను చుట్టూ చంటి సున్నా చుట్టేది. యాదలక్ష్మి మర్నాడు పొద్దున ఏడున్నరకు గది ఊడ్చి, ఖాళీ బోర్డు పైమూలన ఆ లైనును, ఆ సున్నాను దించేది. జోస్నా ఎనిమిదికి వచ్చేది, ఎవరో డౌట్ రాశారనుకుని ముందు దాన్ని విడమరిచి చెప్పేది. క్లాసయ్యాక ఆ వివరణ కూడా నోట్‌బుక్‌లోకి ఎక్కి అల్మాస్‌గూడకు పోయేది. ఉత్తరం పోతున్నది, జవాబు వస్తున్నది. మధ్యన పోస్టుమన్‌కే భాష రాదు.

దీనివల్ల సెంటర్‌కి కూడా మేలు జరిగింది. పాంప్లెట్ మీద 'డౌట్ క్లియరింగ్ సెషన్స్' అని పెద్ద అక్షరాలతో వేశారు గానీ నలభై రెండు మందిలో డౌట్ అడిగినవాళ్లు అప్పటిదాకా లేరు. బ్రాంచ్ ఇన్‌చార్జి సాయికుమార్ ఎల్‌బీ నగర్ బ్రాంచిలో కూర్చుని రెండు బ్రాంచీలనూ చూసుకుంటాడు. తెనాలి వైపు మనిషి, గొంతు పెంచడు. దిల్‌సుఖ్‌నగర్ వచ్చినప్పుడల్లా బోర్డు మూలన డౌట్ కనపడేసరికి ముచ్చటపడ్డాడు. ఫోటోలు తీసి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టడం మొదలుపెట్టాడు. మన పిల్లల్లో జిజ్ఞాస పెరుగుతోందని కింద రాసేవాడు. తల్లిదండ్రులు దండాలు పెట్టేవాళ్లు.

మే మూడో వారంలో ఒక రోజు జోస్నా తొందరలో ఒక లెక్క తప్పు చేసింది. 10 − 3(x − 4) = 1 అన్న లెక్క. బ్రాకెట్ తీసినప్పుడు బయటి మైనస్, లోపలి మైనస్ కలిసి ప్లస్ కావాలి. ఆమె మైనస్‌గానే ఉంచి, x విలువ −1 అని తేల్చింది. నలభై రెండు మంది రాసుకున్నారు. నోట్‌బుక్కులు దిద్దే అబ్బాయి నలభై రెండింటికీ టిక్కు పెట్టాడు. యాదలక్ష్మి కూడా ఎప్పటిలాగే తప్పుతో సహా దించుకుపోయింది.

సెల్లార్‌లో చెప్పేవాళ్లు లేరు కాబట్టి, వచ్చిన జవాబును లెక్కలో తిరిగి పెట్టి చూసే అలవాటు ఒకటి పడింది. పెట్టి చూశారు. సరిపోలేదు. గంటసేపు కొట్లాడారు. చంటి ఈసారి సున్నా చుట్టలేదు, ఒక చీటీ రాసిచ్చింది. పొద్దున యాదలక్ష్మి లెక్కతో పాటు ఆ చీటీని కూడా బోర్డు మీద దించింది. 'x కాడ −1 పెట్టి చూసినం. 1 రావాలె, 25 వస్తుంది. మైనస్ ఏడ పోయింది?'

ఆ రోజు సాయికుమార్ ముందే వచ్చాడు. చదవకుండా ఫోటో తీసి, గ్రూపులో పెట్టి, ఎల్‌బీ నగర్ పోయాడు. ఎనిమిదికి జోస్నా వచ్చి చదివింది. −1ని లెక్కలో పెట్టి చూసుకుంది. తర్వాత, నిన్న నేను తప్పు చెప్పాను, కొట్టేయండి, జవాబు 7 అని పిల్లలకు చెప్పింది. ఆమెకైతే అక్కడితో అయిపోయింది. గ్రూపులో అవలేదు. సరూర్‌నగర్ నుంచి ఒక తండ్రి, తన కొడుకు నోట్‌బుక్‌లో −1 ఉందనీ, పక్కన టిక్కు కూడా ఉందనీ ఫోటో పెట్టాడు. అట్లాంటి ఫోటోలు ఇంకో పదకొండు వచ్చాయి.

తప్పు కావాలనే పెట్టామనీ, కనిపెట్టినవారికి బహుమతి ఉందనీ సాయికుమార్ జవాబిచ్చాడు. ఇప్పుడు బహుమతి ఎవరికివ్వాలో తేల్చాలి. ఆ డౌట్ తమదేనని ముగ్గురు పిల్లలు చెయ్యెత్తారు. సరే, ఆ వాక్యం మళ్లీ రాయమన్నాడు. ముగ్గురిలో ఒక్కరికీ తెలుగు రాయడం రాదు. బ్యాచ్ మొత్తంలో తెలుగు రాయడం వచ్చినవాళ్లు ఇద్దరు, డౌట్ రాసిన రోజు వాళ్లు క్లాసుకే రాలేదు. అప్పుడు కెమెరా రికార్డింగ్ తీశారు. గోధుమరంగు కోటు వేసుకున్న ఆయమ్మ మూలన డౌట్ రాస్తూ కనిపించింది. వెనక్కి తిప్పి చూస్తే పద్దెనిమిది రోజులుగా, క్లాసు క్లాసుకీ బోర్డు ముందు నిలబడి రాసుకుంటూ కనిపించింది.

యాదలక్ష్మిని ఎల్‌బీ నగర్ రమ్మన్నారు. పన్నెండింటికి పోయింది. రెండింటి దాకా క్యాబిన్ బయట నిలబెట్టారు. పని పోతుందని రామస్వామి పొద్దుననే తేల్చి చెప్పాడు. పోతే పోనీ, ఇంకోటి చూసుకుందాం అని కూడా చెప్పాడు. పిల్లల క్లాసులు ఇంకా పందొమ్మిది రోజులున్నాయి, అవి ఇంకోచోట చూసుకోవడానికి దొరకవు. ఆమె ఆలోచన దాని మీద ఉంది. లోపలికి పిలిచేసరికి జోస్నా కూడా అక్కడే ఉంది, చేతిలో మెమో పట్టుకుని.

"ఏంటమ్మా లక్ష్మీ ఇది? దొంగతనం కిందకొస్తుంది తెలుసా?" అన్నాడు సాయికుమార్.

"తుడిచేదే కద సార్."

"తుడిచేదైతే?"

"చెత్తల పోయేది. చెత్త రోజు నేనే ఎత్తుత గద."

అది చెత్త కాదనీ, కంటెంట్ అనీ, బోర్డు మీద పడ్డ ప్రతి అక్షరం సెంటర్ ఆస్తి అనీ ఆయన ఓపికగా చెప్పాడు. ఆమె అంతా విని, తలూపి, ఒక్క అనుమానం అడిగింది.

"తప్పు లెక్క గుడ సెంటర్‌దేనా సార్?"

జోస్నా కిటికీ వైపు తిరిగింది. సాయికుమార్ చెడ్డవాడేం కాదు. సెంటర్లు చెడ్డవాళ్లతో నడవవు, పద్ధతిగా ఉండేవాళ్లతోనే నడుస్తాయి.

"చూడమ్మా, నీకేదైనా కావాలంటే నోరు తెరిచి అడగాలి. మేమేం మనుషులం కాదా? చెప్పు, ఏం కావాలి?"

జీతం అడుగుతుందనో, సెలవు అడుగుతుందనో ఆయన అనుకుని ఉంటాడు. ఆరేళ్లుగా అడగాల్సింది ఒకటుందని ఈ కథ చదువుతున్న మీకు తెలుసు. రెండు గంటలుగా బయట నిలబడి ఉందనీ తెలుసు. ఆమె అది అడగలేదు.

"బోర్డు తుడిచే పని నాకే ఉంచుండ్రి సార్. జూన్ దాక."

ఆరేళ్లలో ఆమె ఆ సెంటర్‌ని అడిగిన మొదటి కోరిక అది. వీలుకాదన్నారు. పనిలోంచి తీసెయ్యలేదు, బాత్రూంలు కడగడానికి మనుషులు దొరకడం కష్టం. మర్నాటి నుంచి కొత్త నియమం వచ్చింది. ఎవరి బోర్డు వాళ్లే తుడిచి బయటికి రావాలి, క్లీనింగ్ వాళ్లు బోర్డు ముట్టకూడదు. నోట్‌బుక్ ఇచ్చెయ్యమన్నారు. ఇంట్లో ఉందన్నది. నిజంగానే ఇంట్లోనే ఉంది, తర్వాత ఎవరూ మళ్లీ అడగలేదు.

ఆమె మెట్లు దిగి రింగ్ రోడ్డు మీదికి వచ్చింది. ఎల్‌బీ నగర్‌లో పైసలిచ్చి పోయే చోటు ఎటుందో తెలియదు. దిల్‌సుఖ్‌నగర్ పిల్లర్ల దాకా ఆగింది.

మర్నాడు మెట్ల మీద జోస్నా కలిసింది.

"గా మైనస్ పట్టింది ఎవరక్కా?"

"చంటి. మా కిష్టమ్మ బిడ్డ. ఏడుకొచ్చింది." తర్వాత, "నా వల్ల నీకు మెమో వచ్చె బిడ్డా," అన్నది.

"తప్పు లెక్క నాది, మెమో నాకు రాక నీకొస్తదా?"

ఆదివారం చర్చి కాగానే, బైబిల్ సంచి భుజానికి ఉండగానే, జోస్నా అల్మాస్‌గూడ సెల్లార్‌కి వచ్చింది. నోట్‌బుక్ తిప్పి చూసింది. తన చేతిరాతే. అడ్డగీత కొట్టే ఏడు తనదే, లైను చివర పైకెక్కే వంపు తనదే. కర్డ్ రైస్ కూడా తనదే. పేజీలన్నీ చూసి, ఇంత బాగ నేనే రాసిన్నా అన్నది. రెండు గంటలు కూర్చుంది. సెంటర్‌లో తప్ప ఇంకెక్కడా పాఠం చెప్పనని బాండ్ రాసిచ్చింది కాబట్టి పాఠం చెప్పలేదు, పిల్లలు అడిగితే జవాబులిచ్చింది. బాండ్‌లో జవాబుల మాట లేదు. ఇంకో ఆదివారం కూడా వచ్చింది. మిగతా రోజులు పిల్లలు పాత పేజీలే తిరగేశారు. నాలుగో రోజుకి తొమ్మిది మంది నలుగురయ్యారు. మిగతా ఐదుగురు ఫోన్ దగ్గరికి పోయారు.

అప్పుడు యాదలక్ష్మి, కిష్టమ్మ కలిసి పిల్లల సర్కారు బడికి పోయారు. గేటుకి తాళం. వెనక గోడ కూలిన చోటు నుంచి లోపలికి పోయి కిటికీలోంచి చూశారు. నల్లబోర్డు, దాని మీద ఏప్రిల్ 23 తారీఖు, ఆ రోజు హాజరైన వాళ్ల సంఖ్య, సగం లెక్క. తుడిచేవాళ్లు లేక నెల రోజులుగా అట్లనే ఉంది. యాదలక్ష్మి కొంగులోంచి పెన్ను తీసి ఆ సగం లెక్క చేతి మీద దించుకుంది. బాత్రూంలకు వేరే తాళం ఉంది.

హెడ్మాస్టర్‌కి ఫోన్ చేశారు. మంచిగానే మాట్లాడాడు. తాళంచెవి ఇవ్వడానికి తనకేం అభ్యంతరం లేదనీ, బల్ల విరిగితే జవాబు తనే చెప్పాలి కాబట్టి పైనుంచి కాగితం కావాలనీ అన్నాడు. పై ఆఫీసుకి పోతే, తల్లుల సంతకాలతో అర్జీ పెట్టమన్నారు. చంటి అర్జీ రాసింది. ఆరుగురు తల్లులు సంతకాలు పెట్టారు, ఇద్దరు వేలిముద్రలు వేశారు. ఒక గది, ఒక బోర్డు, రెండు బాత్రూంలు, పొద్దున మూడు గంటలు. అంతే అడిగారు. అర్జీ తీసుకున్నారు, ముద్ర వేశారు, పరిశీలిస్తామన్నారు. జూన్ పన్నెండున బడి తెరిచారు. పదిహేనున జవాబు వచ్చింది. ఎండాకాలం అయిపోయింది గనుక అర్జీ మూసివేస్తున్నాం, ఇట్లాంటివి మార్చి లోపల పెట్టుకోవాలి అని ఉంది.

అది నిజంగా పనికొచ్చే సమాచారం. అందుకే ఇదంతా రాసింది.

మీ ఇంటికి నడిచిపోయే దూరంలో ఒక సర్కారు బడి ఉంటుంది. ఏప్రిల్ చివరి నుంచి దానికి తాళం ఉంటుంది. మార్చి లోపల పోయి హెడ్మాస్టర్‌ని కలవండి. ఎండాకాలం పొద్దున మూడు గంటలు ఒక గది తెరవమని అర్జీ పెట్టండి. మీ పిల్లలు ఆ బడిలో చదవకపోయినా పెట్టండి. అప్పుడు ముద్ర కొంచెం తొందరగా పడుతుంది, అదెందుకో మీకూ తెలుసు. మీకు లెక్కలొస్తే వారానికి రెండు రోజులు పోయి కూర్చోండి, రాకపోతే కూడా పోండి, ఎట్లొచ్చిందని అడగడానికి లెక్కలు రానక్కరలేదు. బాత్రూం తాళం కూడా అడగండి, అది మరిచిపోతారు. మీ పిల్లలు దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఎల్‌బీ నగర్‌లోనో సమ్మర్ క్యాంప్‌కి పోతుంటే, ఫీజు కట్టే రోజు కౌంటర్ దగ్గర ఒక్క మాట అడగండి. ఇక్కడ బాత్రూం కడిగే ఆయమ్మ ఎక్కడికి పోతుంది? జవాబు వచ్చేదాకా రసీదు తీసుకోకుండా నిలబడండి.

అర్జీ ఎట్లా రాయాలో తెలియకపోతే అల్మాస్‌గూడ సెల్లార్‌కి రండి. చంటి రాసిస్తది. పోయినసారిది ఒక కాపీ యాదలక్ష్మి నోట్‌బుక్‌లో ఉంది, ఆఫీసు ముద్రతో సహా దించింది.